రెండేళ్ల లీడర్‌షిప్ ప్రోగ్రామ్, ఆఖరి పది రోజులు: చేరాలనుకునే చెల్లెళ్ల కోసం

ఉదయగిరి వైపు ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివాను. చివరి రెండేళ్లు అక్కడి లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌లో ఉన్నాను. పరీక్షలు రాసి, పెట్టె సర్దుకుని ఇంటికొచ్చి వారమైంది. చేరమంటావా వద్దంటావా అని జూనియర్లూ వాళ్ల అమ్మానాన్నలూ అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు నచ్చనిది చెప్తాను. స్టేజీ మీద మూడు నిమిషాలు ఎలా మాట్లాడామో చూసి ఎంపిక చేసేస్తారు, ఇంగ్లీషు గడగడా వచ్చినవాళ్లకి ముందు బ్యాడ్జి దొరుకుతుంది. శనివారం క్లాసుల వల్ల నాకు స్టేజీ భయం పోయిన మాట నిజమే. కానీ నేను నేర్చుకున్నదంతా నీళ్ల డ్యూటీలోనే.

ఎవరికీ ఇష్టం లేని డ్యూటీ అది, నేను మాత్రం అడిగి తీసుకున్నాను. మా వైపు బోర్లలో ఫ్లోరైడ్ సంగతి వరికుంటపాడు, ఉదయగిరి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్లే తాగీ తాగీ మా నాయనమ్మ నడుం వంగిపోయి గోడ పట్టుకునే నడుస్తుంది. అందుకే పొద్దున ఐదున్నరకి లేచి డ్రమ్ములు కడిగి, శుద్ధి చేసిన ప్లాంటు నీళ్లు పట్టించి, అందరి సీసాలూ నిండాయో లేదో చూడటం నాకు కష్టమనిపించలేదు.

కష్టమల్లా సాయంత్రం ఆటలప్పుడు. మెస్ దూరం, గ్రౌండ్ పక్కనే బోరు కుళాయి, పిల్లకాయలు పరిగెత్తుకెళ్లి అక్కడే తాగేవాళ్లు. రెండు నెలలు అరిచాను, పేర్లు రాసిచ్చాను. ఒకరోజు ఆరో తరగతి పాప, "అక్కా, మెస్‌కి పోయొచ్చేలోపు మా ఆట అయిపోతుంది గదా" అంది. నిజమే కదా! వేపచెట్టు కింద ఒక డ్రమ్ము పెట్టించమని అడిగాను. ఎవరూ కాదనలేదు, అందరూ చూద్దాం అన్నారు, అలా చూడటానికే నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ పిల్లలు బోరు నీళ్లే తాగారని ఇప్పటికీ బాధగా ఉంటుంది. డ్రమ్ము వచ్చిన వారానికి బోరు దగ్గర కాళ్లు కడుక్కునేవాళ్లే కనిపించారు.

ఇక ఆఖరి పది రోజులు. పరీక్షలయ్యాక చార్జి అప్పజెప్పడానికి మమ్మల్ని ఉంచారు. ప్రోగ్రామ్ లెక్కలో అయితే రిజిస్టరు, తాళం చెవి ఇచ్చి, సంతకం పెట్టి, ఫొటో దిగితే అయిపోయినట్టే. నా డ్యూటీ తొమ్మిదో తరగతి అమ్మాయికి వచ్చింది. నాలుగు రోజులు వెంట తిప్పుకుని ఇది ఇలా చెయ్యి, అది అలా చెయ్యి అంటూనే ఉన్నాను, పాపం తలూపుతూనే ఉంది. ఐదో రోజు నాకు జ్వరమొచ్చి పడుకుంటే తనొక్కతే చేసింది. సాయంత్రం వెళ్లి చూస్తే వేపచెట్టు కింద డ్రమ్ము కాస్త కిందికి దిగి ఉంది, అడుగున పెట్టిన ఇటుకల్లో ఒక వరస తీసేసింది. ఎందుకు తీశావే అంటే, "చిన్నపిల్లలకి కుళాయి అందట్లేదక్కా, మునివేళ్ల మీద నిలబడి పట్టుకుంటుంటే సగం నీళ్లు మోచేతుల మీదే పోతున్నాయి" అంది. ఏడాదికి పైగా రోజూ అక్కడే నిలబడ్డాను, నా కంటికి ఆనలేదు.

ఆ తర్వాత ఐదు రోజులూ నేను చెప్పడం మానేసి తనని అడగడం మొదలుపెట్టాను. నా రెండేళ్లలో బాగా గడిచిన రోజులు అవే. అప్పజెప్పడానికి పది రోజులు చాలవు, కనీసం ఒక టర్మ్ అంతా జూనియర్‌ని పక్కన పెట్టి పని చేయించాలి. ఫీడ్‌బ్యాక్ కాగితంలో కూడా ఇదే రాసిచ్చాను.

చేరండి. కాకపోతే బ్యాడ్జి కోసం కాకుండా మెస్, నీళ్లు, సిక్ రూమ్, ఇలాంటి డ్యూటీలు అడిగి తీసుకోండి. జూన్‌లో కొత్త ఐదో తరగతి పిల్లలు వస్తారు, మొదటి వారం వాళ్లకి మెస్‌కి దారి కూడా తెలియదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లండి.