ముందు బ్యాంకా, ముందు ఫ్యాక్టరీనా? ఎస్టోనియా, చెక్ దారుల్లో ఏది మేలు?

సోవియట్ కాలపు దుకాణంలో చీజ్ ముక్క కొనాలన్నా మూడు క్యూలు. తూకం వేయించి ధర తెలుసుకోవడానికి ఒకటి, డబ్బు కట్టడానికి ఇంకొకటి, చీటీ చూపించి సరుకు తీసుకోవడానికి మూడోది. ఆనాటి జాతీయాదాయం లెక్కల్లో ఫ్యాక్టరీ, పొలం, సరుకు రవాణా ఉండేవి. మంగలి పని, వైద్యం, ప్రయాణికుల బస్సు అసలు లెక్కలోకే వచ్చేవి కావు. ఆ వ్యవస్థ కూలాక మార్కెట్ వైపు మళ్లిన దేశాల్లో, అంత చిన్నచూపు చూసిన సేవల రంగాన్ని, అంటే బ్యాంకులు, టెలిఫోన్ల లాంటివాటిని, ఎవరు ఎప్పుడు బాగుచేసుకున్నారన్నదే నాకు ముఖ్యం.

చెక్ వాళ్లు ముందు ఫ్యాక్టరీల సంగతి చూశారు. 1992లో వెయ్యి కొరునాలు కట్టిన పౌరులకు వోచర్లిచ్చి కంపెనీల వాటాలు పంచారు. చాలామంది ఆ వోచర్లను తమ తరఫున వాటాలు కొనిపెట్టే పెట్టుబడి ఫండ్లలో పెట్టారు. పెద్ద ఫండ్లలో చాలావాటిని నడిపింది బ్యాంకులే. ఆ బ్యాంకుల మీద పట్టు మాత్రం ప్రభుత్వానిదే. అంటే అప్పిచ్చిందీ బ్యాంకే, ఫండ్ ద్వారా కంపెనీలో వాటాదారూ బ్యాంకే. ఇక మొండి బాకీని గట్టిగా అడిగేదెవరు? నష్టాల ఫ్యాక్టరీకే మళ్లీ మళ్లీ అప్పు దొరికింది, బాగా నడిచేవాడికి దొరకలేదు. 1999 నుంచి 2001 మధ్య పెద్ద బ్యాంకులను విదేశీ బ్యాంకులకు అమ్మాకే ఆ ముడి వీడింది. 1998-2003 నాటి చెక్ కంపెనీల లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఒక విషయం తేలింది: విదేశీ సంస్థలకు తలుపులు తెరిచిన సేవలను ఎక్కువగా వాడుకునే ఫ్యాక్టరీల్లోనే ఉత్పాదకత మెరుగుపడింది.

ఎస్టోనియా అంతకాలం ఆగలేదు. 1992లో బ్యాంకులు కూలుతుంటే టార్టు కమర్షియల్ బ్యాంకును మూసేసింది. డిపాజిట్‌దారులు నష్టపోయారు, అది చిన్న బాధ కాదు. 1998లో రెండు పెద్ద బ్యాంకులు స్వీడన్ బ్యాంకుల చేతికి వెళ్లాయి. 2001కల్లా టెలిఫోన్ గుత్తాధిపత్యం పోయింది. ల్యాండ్‌లైన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మన ఇళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు.

అయితే స్వీడన్ బ్యాంకులు ఇళ్ల కోసం ఎడాపెడా అప్పులిచ్చాయి. ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చాక 2009లో ఎస్టోనియా జీడీపీ ఏకంగా 14 శాతం పడిపోయింది. సొంత డిపాజిట్ల మీదే నడిచిన చెక్ బ్యాంకులు అప్పుడు నిలబడ్డాయి. కొనుగోలు శక్తి లెక్కన తలసరి ఆదాయంలో ఇప్పటికీ చెక్ దేశమే ముందుంది. కాకపోతే వాళ్లు మొదలుపెట్టిందే ఎత్తులో.

నా ఓటు ముందు బ్యాంకులను సరిచేసిన ఎస్టోనియా క్రమానికే, చెక్ బ్యాంకుల జాగ్రత్తతో కలిపి. ఇవాళ ఉజ్బెకిస్తాన్ ఇదే కూడలిలో ఉంది. 2023లో ఇపోటెకా బ్యాంకులో మెజారిటీ వాటాను హంగరీకి చెందిన ఓటీపీ బ్యాంకుకు అమ్మింది. మిగతా పెద్ద బ్యాంకుల్లో చాలావరకు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. వాటి అమ్మకాన్ని ఆలస్యం చెయ్యకూడదు. అలాగే ఇళ్ల అప్పుల మీద మొదటి రోజు నుంచే కన్నేసి ఉంచాలి.