ఒకే ట్రైలర్, రెండు వాహనాలు: కొన్నేళ్ల వాడకం తరువాత

మేము డాలస్ శివార్లలో ఉంటాం. 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనుక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాం. మొదట దాన్ని మధ్యరకం ఎస్‌యూవీకి తగిలించి తిప్పాం, ఇప్పుడు 2500 శ్రేణి పికప్ ట్రక్కుకు, అంటే బరువు పనుల కోసం చేసిన పెద్ద పికప్‌కు, తగిలిస్తున్నాం. ట్రైలర్ అదే, రోడ్లు అవే, నడిపేది నేనే. మారింది ముందున్న బండి ఒక్కటే కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలను. ముందే తేల్చి చెబుతున్నాను: ఆ ఎస్‌యూవీతో ఆ ట్రైలర్‌ను లాగడం ప్రమాదకరం. దానికి బలం చాలక కాదు. వీ8 ఇంజను, చదును రోడ్డు మీద హాయిగా లాగేది. అందుకే చాలామందికి ఆ ప్రమాదం కంటికి కనబడదు.

ట్రైలర్ అమ్మిన దుకాణంలో మమ్మల్ని అడిగింది ఒకటే ప్రశ్న: మీ బండి ఎంత లాగుతుంది? 7,200 పౌండ్లు అన్నాం. ట్రైలర్ ఖాళీ బరువు 4,900 పౌండ్లే, బోలెడంత వెసులుబాటు ఉందన్నారు. ఇంకేమీ అడగలేదు, ఇంట్లో ఎంతమంది అని కూడా అడగలేదు. ఖాళీ బరువు అంటే ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటి బరువు. అందులో ట్యాంకు నీళ్లు ఉండవు, దుకాణంవాళ్లు తరువాత బిగించే బ్యాటరీ లెక్కలోకి రాదు, పరుపు మీద దుప్పటి కూడా ఉండదు. నీళ్లు గాలన్‌కు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు దాటుతుంది. ఆ పైన మన వంటిల్లు సంగతి తెలిసిందే కదా: బియ్యం బస్తా, రెండు కుక్కర్లు, ఇనుప పెనం, పచ్చడి సీసాలు, అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చిన వేసవిలో అయితే గ్రైండర్ కూడా. అన్నీ సర్దుకుని తూకం వేయిస్తే మా ట్రైలర్ 6,100 పౌండ్లు తూగింది, అంటే దాదాపు 2,770 కిలోలు. 7,200 లోపే ఉంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ముందుగా చూడవలసిన అంకె అది కాదు.

డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే చోట ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది, టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పేది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు ఎన్నడూ మించరాదని అందులోనే కిలోల్లో, పౌండ్లలో రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. పైకప్పు అద్దం, మూడో వరస సీట్లు, పెద్ద చక్రాలు, ఇలా ఒక్కో హంగు చేరిన కొద్దీ అది తగ్గుతుంది కాబట్టి ఒకే మోడల్‌లోని రెండు బండ్లకు కూడా వేర్వేరుగా ఉంటుంది. మా ఎస్‌యూవీలో అది 1,350 పౌండ్లు.

ఇక లెక్క చూడండి. ట్రైలర్‌ను బండి వెనుకకు తగిలించే కొక్కేన్ని హిచ్ అంటారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఆ హిచ్ మీద, అంటే ముందు బండి మీద పడాలి. అంతకంటే తక్కువ పడితే ట్రైలర్ ఊగుతుంది. మా 6,100 పౌండ్లలో 760 హిచ్ మీద పడేవి. ఎస్‌యూవీ హిచ్ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితి 720. అక్కడే మొదటి హద్దు దాటింది. హిచ్ సరంజామా బరువు మరో 90. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు కలిపి 560. మొత్తం 1,410. డిక్కీలో నీళ్ల సీసా కూడా పెట్టకముందే 60 పౌండ్లు ఎక్కువైంది. అమ్మానాన్నలు ఎక్కితే ఇంకో 280. లాగే సామర్థ్యంలో 1,100 పౌండ్లు మిగిలినట్టు కనబడుతుండగానే మోసే సామర్థ్యం అయిపోయింది. కుటుంబంతో తిరిగేవారికి దాదాపు ఎప్పుడూ ముందు అయిపోయేది ఇదే. దుకాణంలో దీని మాటే ఎత్తకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఇది వాళ్లకు తెలియక కాదు, మాకు తెలిస్తే అమ్మకం ఆగుతుందని.

కంపెనీలు ప్రకటించే లాగుడు సామర్థ్యం గాలిలోంచి పుట్టిన అంకె అని నేననడం లేదు. దాని వెనుక వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డ్యామ్ నుంచి పైకి పోయే రాష్ట్ర రహదారి 68 ఎక్కుడే దాని కొలబద్ద. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, ఏసీ పూర్తిగా తిప్పి ఉండాలి, 11 మైళ్లకు పైగా ఎక్కుడు, వేగం 40 మైళ్లకు తగ్గకూడదు. గట్టి పరీక్షే, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ లెక్కలో బండిలో కూర్చునేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మనం ఇద్దరమే వెళ్లే ప్రయాణాలు ఎన్ని?

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. డాలస్ నుంచి కొలరాడోకు మా దారి యూఎస్ 287. విచిటా ఫాల్స్ దాటాక చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో వరకు చదును నేల, అడ్డుకునే చెట్టు ఉండదు, గాలి పక్కనుంచి కొడుతూనే ఉంటుంది. 25 అడుగుల ట్రైలర్ పక్కగోడ అంటే ఆ గాలికి ఎత్తిపట్టిన తెరచాపే. ఎస్‌యూవీతో వెళ్తున్న ఒక మధ్యాహ్నం పెద్ద సరుకు లారీ ఒకటి ఎడమవైపు నుంచి మమ్మల్ని దాటబోయింది. లారీ ముక్కు ట్రైలర్ వెనుక భాగం పక్కకు రాగానే దాని ముందు నెట్టుకొచ్చే గాలి ట్రైలర్ తోకను కుడికి తోసింది. లారీ ముందుకు సాగేకొద్దీ అదే తోక ఎడమకు వచ్చింది. మూడో ఊపుకు స్టీరింగ్ నా చేతిలోనే ఉన్నా బండి నా మాట వినడం మానేసింది. ఎస్‌యూవీ వెనుక చక్రాలు పక్కకు జరగడం సీటు కింద తెలుస్తోంది.

అలాంటప్పుడు కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకూడదు. ముందు బండి ఒక్కసారిగా నెమ్మదిస్తే వెనుక ఉన్న మూడు టన్నులు దాన్ని నెట్టి పక్కకు మడతపెట్టేస్తాయి. స్టీరింగ్‌ను ఎదురు తిప్పితే ఊపుకు ఊపు తోడవుతుంది. డాష్‌బోర్డు కింద, నా కుడి మోకాలి పక్కన బ్రేకు కంట్రోలర్ ఉంది. దాని మీటను వేలితో పక్కకు జరిపితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి. చక్రాల లోపలి విద్యుదయస్కాంతాలు డ్రమ్ముకు అతుక్కుని బ్రేకు షూలను విప్పుతాయి. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్‌ను కదపకుండా పట్టుకుని ఆ మీట జరిపాను. ట్రైలర్ వెనక్కి బిగిసింది, రెండు బండ్లూ ఒకే వరసలోకి వచ్చాయి. అమరిల్లో చేరేదాకా అమ్మ గోవింద నామాలు ఆపలేదు. ట్రైలర్ లాగే ప్రతి ఒక్కరూ ఖాళీ మైదానంలో ఆ మీటను కళ్లు మూసుకుని తడిమి పట్టుకునేదాకా సాధన చేయాలి. టెక్సస్‌లో ఇంత బరువుకు కారు లైసెన్సే చాలు. దీన్ని నేర్పేవారుండరు, పరీక్ష పెట్టేవారూ ఉండరు.

బరువును సర్దే హిచ్, ఊపును అదుపు చేసే కడ్డీలు ఉన్నాయి కదా అంటారు. మాకూ ఉన్నాయి, అప్పుడూ ఉన్నాయి. అవి మంచి పరికరాలే. అవి లేకపోతే బండి వెనుక భాగం కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదురు వచ్చేవారి కళ్లలో పడతాయి, వాళ్లు లైట్లు కొట్టి మనకు చెబుతారు కూడా. కడ్డీలు బిగిస్తే ఆ బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు తిరిగి చేరుతుంది. అయితే తలుపు దగ్గరి స్టిక్కర్ మీది అంకెను అవి పెంచవు. వెనుక స్ప్రింగుల్లో గాలి సంచులు పెట్టించుకున్నా అంతే. బండి చూపుకు సమంగా నిలబడుతుంది, యాక్సిల్, టైర్లు, బ్రేకులు మాత్రం పాతవే.

ఇంతకంటే చెడ్డ సలహా ఒకటి తరచూ వింటాను: హిచ్ మీద బరువు ఎక్కువైతే సామాను ట్రైలర్ వెనక్కి జరపమని. దయచేసి ఆ పని చేయకండి. వెనుక బంపరుకు సైకిళ్లు కట్టి, వెనుక అరలు నింపితే హిచ్ మీద బరువు పది శాతం కిందికి దిగి, ట్రైలర్ చిన్న గాలికే తోక ఆడిస్తుంది. బండి చిన్నదైతే దాన్ని పట్టి ఉంచే బరువూ పొడవూ ఉండవు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 20 అడుగుల ట్రైలర్‌కు 110 అంగుళాలు, ఆ పైన ప్రతి అడుగుకూ మరో 4 అంగుళాలు ఉండాలని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన మాకు 130 కావాలి. ఎస్‌యూవీలో 120 లోపే. పికప్‌లో దాదాపు 160.

దిగుడు సంగతి. న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులో రటోన్ కనుమ 7,834 అడుగుల ఎత్తు. ఎక్కేటప్పుడు పలచని గాలికి టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. అది సహించవచ్చు, కుడి వరసలో మెల్లగా పోతే సరి. ట్రినిడాడ్ వైపు దిగేటప్పుడు సహనం పనికిరాదు. ఎస్‌యూవీని కింది గేరులో పెట్టినా వేగం నిలిచేది కాదు, మాటిమాటికీ బ్రేకు తొక్కవలసి వచ్చేది. కాలిన బ్రేకు వాసన కిటికీలు మూసి ఉన్నా లోపలికి వచ్చేది. వాసన వచ్చిందంటే పెడల్ ఇంకా పని చేస్తున్నంతలోనే రోడ్డు పక్కన ఆపి చల్లారనివ్వాలి, మేం అదే చేసేవాళ్లం. పికప్‌తో అదే దిగుడులో బరువు లాగేటప్పుడు గేర్ల తీరు మార్చే టో హాల్ బటన్ నొక్కి, పైనే వేగం 45 మైళ్లకు తగ్గించుకుంటే గేర్లే పట్టి ఉంచుతాయి. కాలు బ్రేకు మీద అప్పుడప్పుడు ఆనుతుంది, అంతే.

పికప్ పేలోడ్ 3,000 పౌండ్ల పైచిలుకు. ఆరుగురం ఎక్కి, హిచ్ బరువు, నీళ్లు, సామాను అన్నీ కలిపినా వెయ్యి పౌండ్ల వరకు మిగులుతుంది. మాది పెట్రోలు ఇంజను. కావాలనే డీజిల్ వద్దనుకున్నాం. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ కాబట్టి అదే ట్రక్కులో పేలోడ్ వందల పౌండ్లు తగ్గిపోతుంది. 287 మీద లారీలు ఇప్పుడూ దాటుతాయి. చిన్న తోపు తెలుస్తుంది, అక్కడితో సరి.

లోపాలూ ఉన్నాయి. ఖాళీగా నడిపితే గతుకుల్లో నడుము పట్టేస్తుంది. ఇండియన్ స్టోరు ముందు పార్కింగులో ఒక గడిలో పట్టదు. ట్రైలర్‌తో గాలన్‌కు 9 మైళ్లు, లేకుండా 15. నాన్న ఎక్కాలంటే మెట్టు బిగించాలి. మా ట్రైలర్ టైర్లకు వేగం పరిమితి 65 మైళ్లే కాబట్టి, ట్రక్కుకు ఎంత బలమున్నా ఆ పైకి పోవడానికి లేదు. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే వాహనాలకు చట్టమే 55 అంటుంది.

మీ దగ్గర ఇప్పటికే ట్రైలర్ ఉంటే ఒక పని చేయండి. ట్రక్కు స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే తూకం వేదికలుంటాయి. కుటుంబం మొత్తాన్ని ఎక్కించుకుని, ప్రయాణానికి సర్దుకున్న సామానుతో అక్కడికి వెళ్లండి. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనుక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ మూడో దాని మీద ఉండేలా ఆపి బటన్ నొక్కితే మూడు బరువులూ కాగితం మీద వేరువేరుగా వస్తాయి. తరువాత ట్రైలర్‌ను విప్పి బండిని ఒక్కదాన్నే తూకం వేయించండి. ట్రైలర్ తగిలించినప్పుడు వెనుక యాక్సిల్ మీద ఎంత పెరిగిందో, ముందు యాక్సిల్ మీద ఎంత తగ్గిందో కళ్ల ముందుంటుంది. వాటిని తలుపు దగ్గరి స్టిక్కర్ల మీది పరిమితులతో పోల్చుకోండి. ఖర్చు నలుగురి టిఫిన్ డబ్బులంత కూడా కాదు.

ఎస్‌యూవీ మార్చే స్తోమత లేనివారికి నా సలహా: సామానుతో కలిపి 3,500 పౌండ్లు దాటని చిన్న ట్రైలర్ తీసుకోండి, అప్పుడు కూడా స్టిక్కర్ లెక్క చేశాకే. పెద్దదే కావాలంటే అద్దెకు ఇచ్చే యజమానుల్లో చాలామంది క్యాంపుగ్రౌండ్‌కు వాళ్లే తెచ్చి, సమంగా నిలబెట్టి, కరెంటు, నీళ్లు తగిలించి వెళ్తారు. అమ్మానాన్నలతో వెళ్లే ప్రయాణమైతే అదే తీసుకోండి, మీరు మామూలుగా కారులో వెళ్లి చేరుకోవచ్చు.