డ్రైనేజీ కనెక్షన్ సర్వీసు: రూల్స్‌కి 5, కౌంటర్‌కి 2

ముందే చెప్పేస్తాను. మునిసిపాలిటీ వాళ్ల డ్రైనేజీ కనెక్షన్ రూల్స్‌కి నేను 5కి 5 ఇస్తున్నాను. ఆ రూల్స్‌ని మన చేతికి అందించే కౌంటర్‌కి 2 మాత్రమే. తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మాయికి నాలుగున్నర. ప్లంబింగ్ మేస్త్రీకి ఎంత ఇవ్వాలో ఇప్పటికీ తేలడం లేదు. పనిమంతుడే, కానీ అడుగడుగునా "ఇవన్నీ కాగితం మీద రూల్స్ టీచరమ్మా, ఎవరు చేస్తారు చెప్పండి" అంటూ నా ప్రాణం తీశాడు.

నేను రిటైరైన లెక్కల టీచర్ని. వీధిలో కొత్త లైను పడ్డాక, సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్లన్నీ గడువులోగా అందులోకి కలుపుకోవాలని నోటీసు వచ్చింది. చాలామందికి ఒళ్లు మండింది. మా ట్యాంకు బాగానే ఉంది కదా, మాకెందుకీ గొడవ అని. ఈ బలవంతం ఇవాళ్టిది కాదు. లండన్‌లో 1815 దాకా ఇంటి మురుగును వీధి కింది కాలవల్లోకి వదలడమే నేరం, ఎందుకంటే అవి వాన నీళ్ల కోసం కట్టినవి. 1847 వచ్చేసరికి అదే పనిని తప్పనిసరి చేశారు. 1848 నాటి ఇంగ్లండు ప్రజారోగ్య చట్టంలో 100 అడుగుల లోపు లైను ఉంటే ఇంటి మురుగు అందులోకే పోవాలని ఉంది. అమెరికాలో చాలా పట్టణాల నిబంధనల్లో ఇప్పటికీ ఆ 100 అడుగులే కనిపిస్తాయి. కాబట్టి నోటీసు పట్టుకుని కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. ఆ ఓపికేదో తర్వాతి పనికి దాచుకోండి.

తర్వాతి పని అంటే అప్లికేషన్. మరుగుదొడ్లెన్ని, స్నానాల గదులెన్ని, వంటగది ఎక్కడ, ప్లాను జతచేశారా, లైసెన్సున్న ప్లంబర్ సంతకం ఉందా... ఇవన్నీ అడుగుతుంది. బాగుంది. కానీ అన్నిటికన్నా ముందు మనకు తెలియాల్సిన అంకె ఒకటుంది, అది ఆ ఫారంలో ఎక్కడా లేదు. మన గేటు ముందు వాళ్లు వదిలిన పైపు ఎంత లోతులో ఉంది? కౌంటర్‌లో అడిగితే "అది ఇంజనీరింగ్ సెక్షన్ అండీ" అన్నారు. ఇంజనీరింగ్ సెక్షన్‌లో అడిగితే "ముందు అప్లికేషన్ పెట్టండి" అన్నారు. లోతు తెలియకుండా పైపు సైజు ఎలా రాయను, సైజు రాయకుండా అప్లికేషన్ ఎలా పెట్టను? కౌంటర్‌కి మార్కులు కోసింది ఇక్కడే.

చివరికి ఒక పెద్దాయన బీరువాలోంచి పొడుగాటి డ్రాయింగు తీసి టేబుల్ మీద పరిచాడు. ప్రతి మ్యాన్‌హోల్ పక్కనా ఐఎల్ అని ఒక అంకె ఉంటుంది. పైపు లోపలి అడుగు మట్టం అది. అక్కడి రోడ్డు మట్టంలోంచి దాన్ని తీసేస్తే లోతు వస్తుంది. మా గేటు దగ్గర 110 సెంటీమీటర్లు. పై మ్యాన్‌హోల్ నుంచి ఎంత దూరంలో మా పైపు వదిలారో కూడా అందులోనే ఉంది. నేల మీద గుర్తేమీ పెట్టలేదు కాబట్టి ఆ కొలత లేకపోతే గేటు ముందంతా గోతులు పడేవి. దయచేసి ఈ డ్రాయింగు చూడకుండా పార పట్టించకండి.

ఇప్పుడు లెక్క. మా ఇంటి వెనక మొదటి చాంబర్ (పైపులు కలిసే చోట కట్టే, మూతున్న చిన్న తొట్టి) నుంచి గేటు దాకా 24 మీటర్లు. ఆ చాంబర్ దగ్గర పైపు 60 సెంటీమీటర్ల లోతులో మొదలవుతుంది, నేల సమంగానే ఉంది. మేస్త్రీ నాలుగంగుళాల పైపు వేద్దామన్నాడు. దానికి 1:40 వాటం కావాలి, అంటే నలభై మీటర్లకు ఒక మీటరు దిగాలి. 24 మీటర్లకు 60 సెంటీమీటర్లు. గేటు చేరేసరికి మన పైపు 120లో, వాళ్లది 110లో. మురుగు పది సెంటీమీటర్లు పైకెక్కాలన్నమాట! అదే రూల్స్‌లో చెప్పినట్టు ఆరంగుళాల పైపు వేస్తే 1:60 వాటం చాలు. 24 మీటర్లకు 40 సెంటీమీటర్లే దిగుతుంది. 100 దగ్గర తేలుతుంది, పది సెంటీమీటర్లు చేతిలో మిగులుతాయి. నాలుగుకు నలభై, ఆరుకు అరవై, తొమ్మిదికి తొంభై: దీన్ని మాగ్వైర్ సూత్రం అంటారు. ఊరిని బట్టి అంకెలు కొంచెం మారతాయి, ముందు మీ రూల్స్ చూసుకోండి. వీటి వెనక ఉన్న ఉద్దేశం ఒకటే. నీరు సెకనుకు కనీసం 0.6 మీటరు వేగంతో పారితే మడ్డి అడుగున పేరుకోదు.

ఈ లెక్క సుద్దతో వాకిట్లో గచ్చు మీద వేసి చూపిస్తే మేస్త్రీ కాసేపు తల గోక్కుని "అయితే ఆరే వేద్దాం లెండి" అన్నాడు. అతన్ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. ఒకసారి ఒప్పుకున్నాక వాటం మాత్రం దారం కట్టి, ట్యూబ్ లెవెల్ పెట్టి, పైపు పైపుకూ సరిచూశాడు.

గొయ్యి గురించి రూల్స్‌లో ఉన్నవి చిన్న చిన్న మాటలే. అడుగున రాళ్లు ఉండకూడదు, ఇసుక పరవాలి. మలుపు దగ్గరా, తిన్నగా పోయే చోట 30 మీటర్లకొకసారీ మూత తీసి కడ్డీ పెట్టడానికి చాంబరో క్లీనౌటో ఉండాలి. మంచినీళ్ల పైపుకు 3 మీటర్ల ఎడం పాటించాలి, అంత చోటు లేకపోతే మంచినీళ్ల పైపు కనీసం 45 సెంటీమీటర్లు పైన ఉండాలి. వీటిమీద గొడవేం లేదు. గొడవల్లా "తనిఖీ అయ్యేదాకా పూడ్చరాదు" అన్న రూలు మీదే. ఇంటి ముందు గొయ్యి నోరు తెరుచుకుని ఉంటే ఎవరికైనా టెన్షనే. పిల్లలు పడతారేమో, వాన వస్తుందేమో అని. మేస్త్రీ అయితే సగం పూడ్చేసి, ఫొటోలు చూపిద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు.

తనిఖీ ఎలా జరిగిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సర్వీసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఇంజనీరమ్మాయి రాగానే కింది చివర పైపులోకి ఒక రబ్బరు బుడగ దోపించి, పంపుతో గాలి కొట్టించి బిగించింది. పై చాంబర్ నుంచి నీళ్లు నింపించింది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చాంబర్ గోడ మీద సుద్దతో గీత గీసి, గడియారం చూసుకుంటూ నిలబడింది. కాసేపటికి నీళ్లు గీత కిందికి జారాయి. మేస్త్రీ "పైపు పీల్చుకుంటుంది మేడమ్" అన్నాడు. ఆమె నవ్వింది. "పీవీసీ పీల్చుకోదండీ" అని గోతిలోకి దిగి, ఒక్కో జాయింటు కింద ఇసుకను వేలితో తాకుతూ వెళ్లింది. ఒకచోట ఇసుక నల్లగా, తడిగా ఉంది. విప్పించి చూస్తే లోపల రబ్బరు రింగు గాడిలోంచి జారి ఒక పక్క మడతపడింది. సబ్బు నీళ్లు రాయకుండా బలంగా తోసేస్తే అలా అవుతుందట. రింగు సరిచేసి మళ్లీ నింపారు. ఈసారి గీత దగ్గరే నిలిచాయి. ఆ జాయింటు మట్టి కింద పడి ఉంటే మురుగు కొంచెం కొంచెంగా కారుతూ, ఆ తడికి పక్కనున్న చెట్టు వేళ్లు వెతుక్కుంటూ వచ్చి లోపలికి దూరేవి. లైను జామ్ అయినప్పుడు తెలిసేది ఆ సంగతి.

మెయిన్ లైనులో కలిపే పని వాళ్ల మనుషులే చేస్తారు, మన మేస్త్రీ చెయ్యి పెట్టకూడదు. ఈ రూలుకు కూడా చాలామంది విసుక్కుంటారు. పక్క వీధిలో ఒకచోట ఎవరో ఉలితో మెయిన్ పైపుకు బొక్క కొట్టి తమ పైపును లోపలికి గుచ్చేశారు. అది లోపల పొడుచుకుని ఉండి, పై నుంచి వచ్చే గుడ్డా, చెత్తా అన్నీ పట్టుకుంది. వై ఆకారపు జాయింటు గానీ, మెయిన్ పైపు మీద జీనులా కూర్చునే సాడిల్ అనే ముక్క గానీ పెట్టి ప్రవాహం దిశలో వంపుగా కలిపితే ఆ బాధ ఉండదు.

డాబా మీది వాన నీళ్లు ఈ లైనులోకి వదలకూడదన్న రూలు ఎవరికీ మింగుడుపడదు. మేస్త్రీది ఒకటే పాట: "వాన నీళ్లు పోతే లైను కడిగినట్టు ఉంటుంది కదా టీచరమ్మా." మళ్లీ సుద్ద తీశాను. డాబా 100 చదరపు మీటర్లు అనుకోండి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురున్న ఇంటి వాడకం 675 లీటర్లు. అంటే ఒక్క గంట వాన వారం రోజుల మురుగు కన్నా ఎక్కువ. వీధిలో పది ఇళ్లు ఇలా కలిపితే ఆ నీళ్లన్నీ పల్లంలో ఉన్న ఇంటి మరుగుదొడ్డిలోంచి పైకి వస్తాయి. దొంగచాటుగా కలిపినా దాగదు. మ్యాన్‌హోల్‌లోకి పొగ వదిలి చూస్తారు, డాబా గొట్టంలోంచి పొగ వస్తే దొరికిపోయినట్టే.

ఆ పల్లం సంగతి మాకూ ఉంది. వెనక బట్టలుతికే చోటు రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత కన్నా కిందికి ఉంటుంది. లైను నిండితే నీళ్లు ముందు అక్కడే ఎగదన్నుతాయి. అందుకని అక్కడ వెనక్కి రానివ్వని వాల్వు పెట్టాలన్నారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ వాల్వు పల్లంలో ఉన్న వాటికి మాత్రమే పెట్టాలి, ఇల్లంతటికీ కలిపి గేటు దగ్గర ఒకటి పెట్టేస్తే కుదరదు. రోడ్డు లైను నిండి వాల్వు మూసుకున్నప్పుడు మేడ మీద ఎవరైనా స్నానం చేస్తే, ఆ నీళ్లకు బయటికి దారి లేక మన పల్లపు గదిలోంచే పొంగుతాయి. మేడ లైను వేరుగా నేరుగా పోవాలి. వాల్వును మట్టిలో పాతేయకుండా మూతున్న చాంబర్‌లో పెట్టించండి, అప్పుడప్పుడూ లోపల తెరుచుకుని మూసుకునే రేకు కింద ఇరుక్కున్నవి తీయాలి కదా.

పాత సెప్టిక్ ట్యాంకును లైనుకు మధ్యలో ఉంచేద్దామని మేస్త్రీ చివరిదాకా పట్టుబట్టాడు, "సగం శుద్ధి అయి పోతుంది" అని. రూలు ఒప్పుకోదు, నాకూ సబబే అనిపించింది. ట్యాంకులో నిలవుండి కుళ్లిన నీళ్లతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది లైను పైభాగంలో తడి మీద బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. కాబట్టి ట్యాంకు ఖాళీ చేయించి, అడుగున కన్నాలు పెట్టించి, ఇసుకతో నింపించాలి. అన్నీ పై నుంచే, మిషన్‌తోనే. మనిషిని మాత్రం దింపొద్దు. ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, వాసన లేదు కదా అని దిగినవాడు కుప్పకూలతాడు. ఈ ఒక్క విషయంలో మేస్త్రీ నాకన్నా గట్టిగా ఉన్నాడు. మా ట్యాంకు దగ్గరికి తన మనుషుల్ని మూత తీయడానికి తప్ప రానివ్వలేదు.

ఇక ఫిర్యాదులు. రోడ్డు తవ్వాల్సి వస్తే ఆ పర్మిషన్ వేరే ఆఫీసులో, వేరే ఫారంతో. రెండూ ఒకే చోట ఇస్తే ఏం పోయిందో! దానికన్నా పెద్దది, లైను పాడైతే ఎవరి ఖర్చు అన్న మాట. కొన్ని ఊళ్లలో మెయిన్ లైను జాయింటు దాకా, అంటే రోడ్డు కింది ముక్కతో సహా ఇంటివాళ్లదే బాధ్యత. కొన్నిచోట్ల హద్దు దగ్గరి చాంబర్ దాకానే. మా దగ్గర హద్దు చాంబర్ దాకా. కానీ ఆ వాక్యం రూల్స్ పుస్తకం చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టే ముందు మీ దగ్గర ఎలా ఉందో అడిగి రాయించుకోండి.

పని అయ్యాక సర్టిఫికెట్ ఇచ్చారు కానీ లైను ఎటునుంచి ఎటు పోయిందో బొమ్మ ఇవ్వలేదు. నేనే గీసుకున్నాను. ఇంటి రెండు మూలల నుంచి ప్రతి చాంబర్‌కూ టేపుతో కొలిచి, లోతు పక్కన రాసి, సర్టిఫికెట్‌కు పిన్ కొట్టి పెట్టాను. గొయ్యి పూడ్చకముందే ఈ పని చేసుకోండి.

ఇంకొక్క మాట. సెలవు రోజుల్లో తనిఖీకి ఎవరూ రారు. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సెలవులకు ముందురోజు గొయ్యి తవ్వించకండి.