జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపు: వేలిముద్రలు అరిగినవారికి పెద్ద అండ

సీఆర్పీఎఫ్‌లో ఎస్సైగా రిటైరయ్యాను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామనే రుజువు) ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. నా అరిగిపోయిన వేలిముద్రలనేమో యంత్రం గుర్తించదు. ఆ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ విధానంలో 2021లో వచ్చిన ముఖ గుర్తింపు నాలాంటివాళ్లకు నిజంగా మేలు చేసింది. ఆధార్ ఫేస్ ఆర్డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ఫోనులో ఉండాలి. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు నింపి, మంచి వెలుతురులో కూర్చుని కళ్లార్పితే చాలు, సర్టిఫికెట్ నంబరైన ప్రమాణ్ ఐడీ వస్తుంది. రుసుము లేదు.

తెరమీది సూచనలు మాత్రం ఇంకా తేలికగా ఉండాలి. కుటుంబ పెన్షన్ మీద బతికే జవాన్ల భార్యలు ప్రతి ఏడాదీ ఎవరినో బతిమాలుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఫోను వాడలేనివారు పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలిపించుకోవచ్చు, 70 రూపాయలు. ఎనభై దాటినవారికి సర్టిఫికెట్ ఇవ్వడానికి అక్టోబరు నుంచే అవకాశం ఉంది.