విండోస్ సర్వర్ మీద పీహెచ్‌పీ: ఒక మిర్చి సీజను అనుభవం

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల సాఫ్ట్‌వేర్ చూసిపెట్టడం నా పని. నేను చూసే చోట్ల లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం కొన్న విండోస్ సర్వరే ఉంటుంది. సరుకు రశీదుల పేజీలు మాత్రం వెబ్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ భాషలో రాసినవి. "విండోస్ మీద పీహెచ్‌పీ నత్తనడకే" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఒకప్పుడు అది నిజమే. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో పీహెచ్‌పీని నడిపే ఫాస్ట్‌సీజీఐ పద్ధతిని సీజనంతా దగ్గరుండి చూశాక, ఇప్పుడు ఆ మాట చెల్లదని ధైర్యంగా చెబుతున్నాను.

పాత సీజీఐ పద్ధతిలో పేజీ అడిగిన ప్రతిసారీ ఒక కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పుట్టి, పని ముగించి, పోయేది. విండోస్‌లో ప్రాసెస్‌ను పుట్టించడం భారీ వ్యవహారం. పీహెచ్‌పీని సర్వర్ ప్రాసెస్ లోపలే నడిపే ఐసాపీ పద్ధతి వేగంగానే ఉండేది కానీ, థ్రెడ్లకు (ఒకే ప్రాసెస్‌లో ఒకేసారి సాగే పనులకు) తట్టుకోలేని ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) ఒకటి కూలితే సర్వర్ ప్రాసెస్ కూడా కూలేది. 2006లో మైక్రోసాఫ్ట్, పీహెచ్‌పీ సాధనాలు చేసే జెండ్ కంపెనీ చేతులు కలిపిన తర్వాత ఐఐఎస్‌కు వచ్చిందే ఈ ఫాస్ట్‌సీజీఐ. విండోస్ సర్వర్ 2008తో వచ్చిన ఐఐఎస్ 7 నుంచి అందులోనే ఉంది. ఒక రిక్వెస్టు ముగిసినా ప్రాసెస్ పోదు, తర్వాతి దానికోసం కాచుకుని ఉంటుంది. ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది గనుక థ్రెడ్ల రక్షణ లేని నాన్ థ్రెడ్ సేఫ్ బిల్డు (పీహెచ్‌పీ కూర్పు) వేసుకోవచ్చు. నేను అదే వేస్తాను.

మార్చిలో ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. గేటు బయట తేజ రకం మిర్చి టిక్కీలతో (బస్తాలతో) ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రశీదు తీయబోతే తెర మీద 500 ఎర్రర్, అంటే సర్వర్‌లో తప్పు జరిగిందన్న సందేశం. గుమస్తాగారు పెద్దాయన, ఏమాత్రం తొణకలేదు. "మళ్లీ నొక్కితే వస్తుందమ్మా, రోజూ ఉండేదే" అన్నారు. నొక్కారు, వచ్చింది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. అలా రెండోసారి నొక్కినప్పుడు ఒకే లాటుకు రెండు రశీదులు పడితే రైతుకు ఎవరు జవాబు చెబుతారు?

సర్వర్ తెరిచి చూస్తే, అంతకుముందు పనిచేసినవారు వేగం కోసం, ఒక ప్రాసెస్‌ను ఎన్ని రిక్వెస్టుల తర్వాత మార్చాలో ఐఐఎస్‌కు చెప్పే ఇన్‌స్టెన్స్ మాక్స్ రిక్వెస్ట్స్ విలువను 200 నుంచి 10000కు పెంచారు. అది మంచి పనే. కానీ అదే లెక్కకు పీహెచ్‌పీ వైపు ఉండే పీహెచ్‌పీ ఎఫ్‌సీజీఐ మాక్స్ రిక్వెస్ట్స్‌ను ముట్టుకోలేదు. దాని డిఫాల్ట్ 500. అయిదు వందలు పూర్తి కాగానే పీహెచ్‌పీ తనంతట తాను తప్పుకునేది. ఐఐఎస్ మాత్రం ఆ ప్రాసెస్ ఇంకా ఉందనుకుని తర్వాతి రశీదును దానికే పంపేది. ఐఐఎస్ సంఖ్య పీహెచ్‌పీ సంఖ్యను మించకూడదు. రెండింటినీ 10000 చేశాను. సీజను ముగిసేదాకా ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు. ఇవి రెండు వేర్వేరు చోట్ల ఉండటం నాకు నచ్చని విషయం. పీహెచ్‌పీ మేనేజర్ అనే ఉచిత మాడ్యూల్ వేసుకుంటే ఇలాంటి తేడాలు పట్టిచ్చి చెబుతుంది, తప్పక వేసుకోండి.

కంపైల్ చేసిన స్క్రిప్టును దాచి ఉంచే ఓపీకాష్ కూడా ఆన్ చేయండి. పీహెచ్‌పీ 5.5 నుంచి దానితోపాటే వస్తోంది. ప్రతిసారీ స్క్రిప్టును మొదటి నుంచి కంపైల్ చేసే శ్రమ తప్పుతుంది. ఇలాంటి పనికే మైక్రోసాఫ్ట్ చేసిన పాత విన్‌కాష్ జోలికి వెళ్లకండి. పీహెచ్‌పీ 8 నుంచి విండోస్ బిల్డులకు మైక్రోసాఫ్ట్ తోడ్పాటు ఆపేసింది, పీహెచ్‌పీ సమూహమే వాటిని తయారు చేస్తోంది. కొత్త బిల్డు వేసే ముందు దానికి తగిన విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే పీహెచ్‌పీ అసలు లేవదు, అప్పుడూ తెర మీద కనిపించేది ఆ 500 ఎర్రరే.