బంపర్ పుల్ ట్రైలరా, గూస్‌నెక్ ట్రైలరా: పికప్‌తో భారీ యంత్రాన్ని లాగడానికి ఏది మేలు?

రబ్బరు పట్టాల మీద నడిచే ఒక కాంపాక్ట్ లోడర్‌ను పికప్ ట్రక్కుతో ఒక పనిచోటు నుంచి మరొక పనిచోటుకు చేర్చాలనుకుందాం. బకెట్‌తో కలిపి దాని బరువు 9,600 పౌండ్లు. (1,000 పౌండ్లు సుమారు 454 కిలోలు, ఈ తరహా పికప్‌ల విషయంలో పౌండ్ల లెక్కే ఎక్కువగా వాడుకలో ఉంది కాబట్టి నేనూ దానినే పాటిస్తున్నాను.) దీనికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ట్రక్కు వెనుక ఉండే రిసీవర్ అనే ఉక్కు గొట్టంలో బాల్ (ఉక్కు గుండు) అమర్చి, దానికి తగిలించే ట్రైలర్ మొదటిది. దీనిని బంపర్ పుల్ అంటారు గానీ, ఇంత బరువును బంపర్‌కు ఎన్నడూ తగిలించకూడదు. ఛాసిస్‌కు బిగించిన రిసీవర్‌కే తగిలించాలి. ట్రక్కు తొట్టి మధ్యలో ఉన్న బాల్ మీదికి బాతు మెడలా వంగి వచ్చే గూస్‌నెక్ ట్రైలర్ రెండవది.

గూస్‌నెక్ ఎప్పుడైనా మేలేనన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో సగమే నిజం. ఊగులాటను అణచడంలో గూస్‌నెక్‌కు సాటి లేదు, కానీ ఒకే యంత్రాన్ని మోసుకెళ్లేటప్పుడు ట్రక్కు వెనుక ఇరుసును ఎక్కువగా కుంగదీసేది కూడా గూస్‌నెక్కే.

ముందుగా ఊగులాట సంగతి చూద్దాం. బంపర్ పుల్‌లో బాల్ ట్రక్కు వెనుక ఇరుసుకు సుమారు 4 అడుగుల వెనుక ఉంటుంది. పక్కనుంచి వీచే గాలి వల్లనో, పక్కనుంచి దూసుకుపోయే పెద్ద లారీ వల్లనో ట్రైలర్ ముక్కు ఒక పక్కకు జరిగితే, ఆ 4 అడుగుల పొడవు మీటకర్రలా పనిచేసి ట్రక్కు వెనుక భాగాన్ని పక్కకు నెడుతుంది. ట్రక్కు ముక్కు దానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. డ్రైవర్ దానిని సరిదిద్దబోయేలోగా ట్రైలర్ రెండవ పక్కకు ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఊపు తనంతట తాను తగ్గే గుణం క్షీణిస్తుంది. గూస్‌నెక్‌లో బాల్ వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గానీ, కొన్ని అంగుళాల ముందు గానీ ఉంటుంది. అక్కడ పక్కకు నెట్టే బలం పుట్టినా అది నేరుగా వెనుక చక్రాల మీదికే దిగుతుంది తప్ప ట్రక్కును తిప్పే మీట దానికి దొరకదు.

ఇక బరువు లెక్క. బంపర్ పుల్‌లో ట్రైలర్, సరుకు కలిసిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి. గూస్‌నెక్‌లో 15 నుంచి 25 శాతం పడాలి. రెండు ఇరుసుల బంపర్ పుల్ ట్రైలర్ ఖాళీగా 3,400 పౌండ్లు తూగుతుందనుకుంటే, మన లోడర్‌తో కలిపి 13,000 పౌండ్లు అవుతుంది. అందులో 12 శాతం, అంటే 1,560 పౌండ్లు, బాల్ మీద పడుతుంది. ట్రక్కు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 13 అడుగులైతే, వెనుక 4 అడుగుల దూరంలో వేలాడే ఈ బరువు ముందు ఇరుసును 480 పౌండ్ల మేర పైకి లేపుతుంది, వెనుక ఇరుసు మీద 2,040 పౌండ్లు మోపుతుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ మాట వినదు, ముందు బ్రేకుల పట్టు కూడా తగ్గుతుంది.

అదే లోడర్‌ను గూస్‌నెక్ మీదికి ఎక్కిద్దాం. ట్రైలర్ ఖాళీ బరువు 5,500 పౌండ్లు అనుకుంటే మొత్తం 15,100 పౌండ్లు. అందులో 20 శాతం 3,020 పౌండ్లు. ముందు ఇరుసు మీది బరువు దాదాపు మారదు, స్టీరింగ్ స్థిరంగా ఉంటుంది, కానీ వెనుక ఇరుసు మీద మోపు 2,040 నుంచి 3,020కి పెరిగింది. ముప్పావు టన్ను తరగతి (ఇది పేరు మాత్రమే, అసలు మోయగల బరువు కాదు) డీజిల్ ట్రక్కులు కొన్నింటిలో డ్రైవర్ తలుపు అంచున అంటించిన చీటీ మీద మోయగల బరువు 2,300 పౌండ్లకు అటూఇటూగానే ఉంటుంది. డీజిల్ ఇంజన్ తానే బరువైనది కావడం, ట్రక్కు మొత్తం బరువుకు 10,000 పౌండ్ల పరిమితి ఉండడం ఇందుకు కారణం. ఆ 2,300లోనే మనుషులూ, పనిముట్లూ, బాల్ అమరికా ఇమడాలి. అటువంటి ట్రక్కుకు ఈ గూస్‌నెక్ తగిలిస్తే ఊగులాట ఉండదు, నిజమే, కానీ ట్రక్కు తన పరిమితిని దాటిపోతుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే లాగుడు సామర్థ్యం ఈ సంగతి చెప్పదు. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు రోడ్డు మీద, ఎయిర్ కండిషనర్ పూర్తిగా నడుస్తుండగా, ఒంటి వెనుక చక్రాల (వెనుక ఒక్కో పక్క ఒకే చక్రం ఉన్న) ట్రక్కు వేగం గంటకు 40 మైళ్ల కంటే, జంట వెనుక చక్రాల (ఒక్కో పక్క రెండేసి ఉన్న) ట్రక్కు వేగం 35 మైళ్ల కంటే తగ్గరాదన్నది ఆ సామర్థ్యాన్ని నిర్ణయించే జే2807 ప్రమాణంలోని పరీక్షల్లో ఒకటి. ఆ ప్రమాణం ట్రక్కులో ఉంటారని లెక్కించే మనుషులు ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మీ ట్రక్కులో నలుగురు పనివాళ్లు, వెనుక డీజిల్ పీపా ఉంటే ఆ అంకె మీకు వర్తించదు.

కాబట్టి చీటీ మీది అంకె తక్కువగా ఉన్న ట్రక్కుకు, ట్రైలర్‌తో కలిపి 13,000 పౌండ్లకు మించని బరువుకు, బరువు పంచే హిచ్ (తగిలింపు అమరిక) అమర్చిన బంపర్ పుల్‌నే నేను ఎంచుకుంటాను. దాని స్ప్రింగ్ కడ్డీలు బాల్ మీది మోపులో కొంత భాగాన్ని ముందు ఇరుసుకూ, ట్రైలర్ ఇరుసులకూ పంపిస్తాయి. అయితే హిచ్, రిసీవర్, బాల్ మూడింటి మీదా ముద్రించిన పరిమితుల్లో అన్నిటికంటే చిన్నదే మన పరిమితి. లాగే బరువు 14,000 పౌండ్లు దాటే పనైతే మాత్రం సందేహించనక్కర్లేదు: జంట వెనుక చక్రాల ఒక టన్ను ట్రక్కు, దానికి గూస్‌నెక్. ఒంటి చక్రాల ట్రక్కుతో ఆ పని చేయవచ్చునని వాదించేవారున్నారు. వారి ట్రక్కు చీటీని ఒకసారి చదివి చూడడం మంచిది.

అమెరికాలో వాణిజ్యపరంగా నడిపేవారికి మరొక చిక్కు ఉంది. ట్రక్కు, ట్రైలర్ పలకల మీది పరిమితుల మొత్తం 26,001 పౌండ్లకు చేరి, ట్రైలర్ పరిమితి 10,000 పౌండ్లు దాటితే క్లాస్ ఏ వాణిజ్య లైసెన్స్ కావాలి. 10,000 పౌండ్ల ట్రక్కుకు 14,000 పౌండ్ల బంపర్ పుల్ తగిలిస్తే మొత్తం 24,000. గీతకు ఇవతలే ఉంటాం. అదే ట్రైలర్‌ను 14,000 పౌండ్ల పరిమితి గల జంట చక్రాల ట్రక్కుకు తగిలిస్తే 28,000 అవుతుంది. గూస్‌నెక్ కొనాలనుకునేవారు లైసెన్స్ సంగతి ముందే తేల్చుకోవాలి.

యంత్రాన్ని ట్రైలర్ మీద ఎక్కడ నిలపాలన్న విషయంలో గూస్‌నెక్ మనిషి పొరపాటును ఎక్కువగా క్షమిస్తుంది. బంపర్ పుల్‌లో బాల్ నుంచి ట్రైలర్ ఇరుసుల నడిమికి దూరం 16 అడుగులైతే, 9,600 పౌండ్ల లోడర్‌ను ఒక్క అడుగు వెనక్కి జరిపినా బాల్ మీది మోపు 600 పౌండ్లు తగ్గుతుంది. 13,000 పౌండ్లకు ఉండవలసిన మోపు 1,300 నుంచి 1,950 వరకు, అంటే వెసులుబాటు 650 పౌండ్లే. ఒక్క అడుగు తేడా దాదాపు ఆ వెసులుబాటు మొత్తాన్నీ మింగేస్తుంది. మోపు 10 శాతం కంటే తగ్గితే పైన చెప్పిన ఊగులాట మొదలవుతుంది. గూస్‌నెక్‌లో ఆ దూరం 24 అడుగులుంటే అదే అడుగు జరుపుకు మారేది 400 పౌండ్లు, వెసులుబాటు 1,510 పౌండ్లు. బకెట్ తీసి మరొక పనిముట్టు పెట్టినా, లోడర్‌ను వెనక్కి తిప్పి ఎక్కించినా బరువు కేంద్రం మారుతుంది. అందుకే సరైన చోటు దొరికాక ట్రైలర్ నేల మీద రంగుతో గీత గీసుకోవడం బంపర్ పుల్ వాడేవారికి తప్పనిసరి అలవాటు కావాలి.

యంత్రాన్ని ట్రైలర్‌కు కట్టే గొలుసుల విషయంలో రెండింటికీ తేడా లేదు. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం 10,000 పౌండ్లు, అంతకు మించిన భారీ యంత్రానికి కనీసం నాలుగు కట్లు వేయాలి. కట్ల పని పరిమితుల (ఒక్కో కట్టు సురక్షితంగా భరించగల బరువుల) మొత్తం సరుకు బరువులో సగానికి తగ్గకూడదు. బకెట్ వంటి భాగాలను పూర్తిగా దించి బిగించాలి. మన లోడర్ 9,600 పౌండ్లే కాబట్టి నాలుగు అక్కర్లేదని వాదించవచ్చు, కానీ పట్టాల్లో ఇరుక్కున్న తడి మట్టిని ఎవరూ తూచరు. నాలుగు మూలలా నాలుగు వేయడమే సరైన పని. 3/8 అంగుళాల గ్రేడ్ 70 గొలుసు ఒక్కొక్కటి 6,600 పౌండ్ల పని పరిమితి గలది.

బ్రేకుల దగ్గర మళ్లీ తేడా ఉంది. బంపర్ పుల్ ట్రైలర్లలో కొన్నింటికి సర్జ్ బ్రేకులుంటాయి. ట్రక్కు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు నెట్టే ఒత్తిడితోనే అవి పడతాయి. ట్రైలర్ బ్రేకులను నడిపే కంట్రోలర్ ట్రక్కులో అక్కర్లేకపోవడం వాటి సుగుణం. కానీ ట్రైలర్ ఊగుతున్నప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కకుండా ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేసే వీలు వాటిలో లేదు. ఊపు మొదలైనప్పుడు చేయవలసినది సరిగ్గా అదే: యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, కంట్రోలర్ మీటను చేత్తో కదిపి ట్రైలర్ బ్రేకులు వేయడం. అందుచేత భారీ యంత్రాలకు ఎలక్ట్రిక్ బ్రేకులు గానీ, ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ (విద్యుత్ సంకేతంతో పనిచేసే హైడ్రాలిక్) బ్రేకులు గానీ ఉండాలి. ట్రైలర్ తెగిపోతే తనంతట తాను బ్రేకులు పడి కనీసం 15 నిమిషాలు నిలిచి ఉండాలని అమెరికా నిబంధన కోరుతుంది కాబట్టి ట్రైలర్ మీది చిన్న బ్యాటరీని కూడా చూసుకుంటూ ఉండాలి.

మలుపుల్లో గూస్‌నెక్ ట్రక్కును బాగా ఇరుకుగా తిప్పుకోనిస్తుంది, కానీ దాని వెనుక చక్రాలు లోపలి మూలను ఎక్కువగా కోస్తాయి. గేటు స్తంభాలు విరిగేది అక్కడే. గూస్‌నెక్ వల్ల తొట్టి సగం పోతుంది, పొట్టి తొట్టి ఉన్న ట్రక్కులో పదునుగా తిరిగితే ట్రైలర్ మెడ క్యాబిన్ వెనుక అద్దానికి తగులుతుంది. బంపర్ పుల్ ట్రైలర్‌ను అవసరమైతే మరొక ట్రక్కుకు తగిలించి పంపవచ్చు. ట్రైలర్ ముందున్న ఉక్కు వలయాన్ని పట్టుకునే పింటిల్ కొక్కెం అనే మూడవ దారి కూడా ఉంది. ఎగుడుదిగుడు నేలకు అది గట్టిదే గానీ, దాని వదులు వల్ల ప్రతి బ్రేకుకూ దడదడలాడే ఆ చప్పుడును సాధారణ రోడ్డు మీద రోజంతా భరించమని ఎవరికీ చెప్పలేను.

ఏది ఎంచుకున్నా మొదటి ప్రయాణం కాటా దగ్గరికే. ముందు ట్రైలర్ లేకుండా ట్రక్కు రెండు ఇరుసులనూ విడివిడిగా తూచి, తరువాత సరుకుతో నిండిన ట్రైలర్ తగిలించి మూడు చోట్లా, అంటే ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసుల దగ్గర, మళ్లీ తూచాలి. వెనుక ఇరుసు అంకెను తలుపు అంచున ఉన్న ఇరుసు పరిమితితో పోల్చాలి. స్ప్రింగ్ కడ్డీలు బిగించకుండా తూచినప్పుడు ట్రక్కు రెండు ఇరుసుల మీదా కలిసి పెరిగిన బరువే బాల్ మీది మోపు. ఆ మోపు సరిగ్గా ఉండి, బంపర్ పుల్‌లో ముందు ఇరుసు అంకె మాత్రం పడిపోతే, లోడర్‌ను వెనక్కి జరిపి ముందు ఇరుసును సరిచేయాలన్న ఆలోచన ఊగులాటకు దారితీస్తుంది కాబట్టి, యంత్రాన్ని కదపకుండా స్ప్రింగ్ కడ్డీల బిగింపును పెంచి మళ్లీ కాటా ఎక్కించాలి.