గుండ్రంగా తిరిగే ట్రాకా, గోడ బల్ల మీద షంటింగ్ యార్డా: ఇంట్లో చిన్న రైల్వేకి ఏది మేలు?

ఇంట్లో ఒక మూల కాస్త చోటు దొరికింది, అక్కడ చిన్న మోడల్ రైల్వే కట్టాలని ఉంది, అది కూడా నిజంగా ఉన్న ఏ స్టేషన్‌కో నకలు కాకుండా మీ సొంత ఊహలోంచి పుట్టిన రైల్వే, అంటే ఫ్రీలాన్స్ లేఅవుట్. ఇక్కడిదాకా అందరం ఒకే దారిలో వస్తాం. ఆ తర్వాత చాలామంది ఏ స్కేలు, ఏ ఇంజన్, ఏ కంట్రోలర్ అని వెతకడం మొదలుపెడతారు. నన్నడిగితే వాటన్నిటికంటే ముందు ఆకారం తేల్చుకోవాలి. రైలు గుండ్రంగా తిరుగుతూ ఉండాలా, లేక గోడకి ఆనించిన సన్నటి బల్ల మీద ఇంజన్ ముందుకీ వెనక్కీ కదులుతూ వ్యాగన్లు సర్దాలా (దీన్నే షంటింగ్ అంటారు)? ఈ ఒక్కటి తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. నేను రెండూ కట్టాను, ముందు ప్లైవుడ్ షీటు మీద గుండ్రటి ట్రాక్, దాన్ని విప్పేశాక బల్ల. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను: చోటు తక్కువైతే బల్లే మేలు. ఎందుకో, ఎవరికి కాదో చెప్తాను.

ముందు గుండ్రటి ట్రాక్ సంగతి. దాని గొప్ప ఏమిటంటే రైలు ఆగదు. కంట్రోలర్ నాబ్ కాస్త తిప్పి కుర్చీలో వెనక్కి వాలితే చాలు, ఇంజన్ వెనక పది వ్యాగన్లు వంపు తిరుగుతూ వస్తుంటే ఆ దృశ్యం నిజంగానే మనసుకి హాయిగా ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో దీనికి మించింది లేదు, వాళ్లకి రైలంటే కదిలేదే. పెద్దవాళ్లలో కూడా రోజంతా పని చేసి వచ్చి ఏ ఆలోచనా లేకుండా రైలు తిరుగుతుంటే చూడాలనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లు నా మాట విని బల్ల కడితే బాధపడతారు.

కానీ చోటు లెక్క వేయండి. హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో (1:87), సెట్లతో వచ్చే వంపు ముక్కల వ్యాసార్థం సాధారణంగా 18 అంగుళాలు, 457 మిల్లీమీటర్లు. అది పూర్తిగా వెనక్కి తిరగాలంటే అంచులతో కలిపి దాదాపు నాలుగడుగుల వెడల్పు కావాలి. అందుకే 4 అడుగులు, 8 అడుగుల ప్లైవుడ్ షీటు అందరికీ మొదటి లేఅవుట్ అయిపోతుంది. ఆ షీటుని గోడకి ఆనిస్తే అవతలి అంచు చెయ్యికి అందదు, మనిషి చెయ్యి హాయిగా అందేది రెండున్నర అడుగులే. అందాలంటే చుట్టూ నడిచే దారి వదలాలి, అప్పుడు ఆ షీటు గది మొత్తాన్ని తినేస్తుంది. నా మొదటి లేఅవుట్లో అవతలి వంపు దగ్గర ఒక అతుకు ఉండేది. పట్టాలు కలిపే జాయినర్ లోపల కొంచెం వంకరగా కూర్చుంది, వేలితో తడిమితే తప్ప తెలియనంత. వరసలో నాలుగో వ్యాగన్ ప్రతిసారీ అక్కడే పట్టాలు తప్పేది. అది సరిచేయడానికి షీటు మీద పొట్ట ఆనించి వంగితే ఇవతలున్న చెట్లు నలిగిపోయేవి. చివరికి ఆ అతుకు కోసమే నాలుగు సాయంత్రాలు పోయాయి.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. ఆ షీటు మీద పట్టేది సుమారు 5.5 మీటర్ల ట్రాక్. 87తో గుణిస్తే అసలు రైలు లెక్కలో అర కిలోమీటరు కూడా లేదు. గంటకు 40 కిలోమీటర్ల గూడ్స్ బండి వేగంతో నడిపితే 43 సెకన్లలో బయల్దేరిన చోటికే వచ్చేస్తుంది. మొదటి వారం బాగుంటుంది. ఆ తర్వాత ఆ రైలు ఎక్కడికీ వెళ్లడం లేదని మనకే అర్థమవుతుంది. సొంత ఊహతో రైల్వే కడుతున్నవాళ్లకి ఇది పెద్ద లోటు, ఎందుకంటే ఫ్రీలాన్స్ అంటేనే ఈ లైను ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ సరుకు మోస్తుంది, ఎవరి కోసం అనే కథ. గుండ్రటి ట్రాక్ ఆ కథ చెప్పలేదని కాదు, స్టేషనూ, వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు, అంటే సైడింగులూ పెట్టి చెప్పించవచ్చు, కానీ చోటంతా వంపులే తినేశాక సైడింగులకి మిగిలేది తక్కువ.

ఇక బల్ల. గోడ పొడవునా అడుగు వెడల్పు పలక, దాని మీద రెండు పాయింట్లు, అంటే రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే చోట్లు, మూడు సైడింగులు. ఈ రకంలో అందరికీ తెలిసిన ప్లాన్ బ్రిటన్ మోడలర్ అలన్ రైట్ చేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది. పెద్ద సైడింగులో 5 వ్యాగన్లు పడతాయి, మిగతా రెండిట్లో మూడేసి, ఇంజన్ నిలిచే షంటింగ్ నెక్‌లో ఇంజనూ 3 వ్యాగన్లే పడతాయి. మొత్తం వ్యాగన్లు 8. ఒక్కో వ్యాగన్‌కి ఒక్కో చీటీ రాసి, కలిపి, ఐదు తీయాలి. చీటీలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే ఐదు వ్యాగన్లనీ పెద్ద సైడింగులో నిలబెట్టాలి, అంతే ఆట. ఎనిమిదింటిలోంచి ఐదు, వరసతో సహా, అంటే 8×7×6×5×4, మొత్తం 6,720 రకాల రైళ్లు. రోజుకొకటి కట్టినా పద్దెనిమిదేళ్లకు పైగా పడుతుంది.

ఆడుతుంటే ఎలా ఉంటుందో ఒక్క ఎత్తు చెప్తాను. పెద్ద సైడింగులో ఐదు, ఒక చిన్న సైడింగులో మూడు నిలబడి ఉన్నాయి, ఇంకో చిన్న సైడింగు ఖాళీ. నాకు ముందుగా కావలసింది పెద్ద సైడింగులో నాలుగో స్థానంలో ఉన్న ఎర్ర డబ్బా వ్యాగన్. నెక్‌లో మూడే పడతాయి కాబట్టి ముందున్న మూడింటినీ లాగి ఖాళీ సైడింగులో పెట్టాను. వెనక్కి వచ్చి ఎర్ర డబ్బాని తగిలించి లాగాను. ఇప్పుడు దాన్ని దింపడానికి చోటేదీ? చిన్న సైడింగులు రెండూ నిండిపోయాయి. ఎర్ర డబ్బాని ఇంజన్‌కి అలాగే ఉంచి, ఇందాక పెట్టినవాటిలో రెండింటిని దాని ముందు తగిలించి తెచ్చి పెద్ద సైడింగులో వదిలి, అప్పుడు ఆ ఖాళీలోకి ఎర్ర డబ్బాని తొయ్యాలి. చదరంగంలో లాగే ముందు ఎత్తు వేసేటప్పుడే మూడో ఎత్తు కనిపించాలి. నాకు ఒక ఆట 15, 20 నిమిషాలు పడుతుంది, సరిగ్గా ఒక సాయంత్రం విరామానికి సరిపోతుంది.

చేతిపని కూడా ఇందులోనే ఎక్కువ. వ్యాగన్లు విడదీయడానికి సన్నటి వెదురు పుల్ల చివర చెక్కి, వ్యాగన్లని కలిపే రెండు కొక్కేల, అంటే కప్లర్ల మధ్య పైనుంచి దించి కొంచెం తిప్పుతాను. తాళం తీసినట్టు మెల్లగా విడిపోతాయి. ఇంజన్ నడిచే వేగం మనిషి నడకంత ఉండాలి. అంత నెమ్మదిగా వచ్చి తగిలినప్పుడు వినిపించే చిన్న టక్ శబ్దం కోసమే నేను రోజూ ఆ బల్ల దగ్గరికి వెళ్తాను.

టైమ్‌సేవర్ అని ఇంకో ప్లాన్ ఉంది, అమెరికన్ మోడలర్ జాన్ అలెన్ ది, 1972లో అచ్చయింది. ఐదు పాయింట్లతో, గడియారం పెట్టుకుని ఇద్దరు పోటీ పడటానికి భలే ఉంటుంది. కానీ అది ఆట కోసం పుట్టిన పజిల్, నిజం రైల్వేలో ఎవరూ యార్డుని పని అంత కష్టమయ్యేలా కట్టరు. ఇంట్లో రోజూ నడిపే రైల్వేగా అయితే ఇంగిల్‌నుక్కే నా ఓటు. జాన్ అలెన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఫ్రీలాన్స్ లేఅవుట్లలో బహుశా అందరికంటే పేరున్న గోరీ అండ్ డిఫీటెడ్ రైల్వే ఆయనదే, దాని మొదటి రూపం సుమారు మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న చిన్న లేఅవుట్ మాత్రమే. తర్వాత పెద్ద లేఅవుట్ కట్టినప్పుడు ఆ చిన్నదాన్ని పారేయకుండా అందులో ఒక భాగంగా కలిపేశాడు. 1973 జనవరిలో ఆయన పోయాక కొద్ది రోజులకే మొత్తం మంటల్లో కాలిపోయింది, ఇప్పటికీ ఆ ఫోటోలు చూస్తే గుండె పట్టేస్తుంది. మనం తీసుకోవలసింది మాత్రం ఆ మొదటి చిన్న లేఅవుట్ సంగతి: చిన్నది సరిగ్గా కడితే తర్వాత పెద్దదానికి అతుకుతుంది. గోడ బల్లకి ఇది ఇంకా సులువు, పక్కన ఇంకో పలక బోల్టులతో బిగిస్తే సరి. గుండ్రటి ట్రాక్‌ని పెంచాలంటే తెగ్గొట్టాల్సిందే.

ఇప్పుడు స్కేలు. ఆకారం తేల్చుకుంటే ఇది పది నిమిషాల పని. గుండ్రటి ట్రాకే కావాలనుకుంటే ఎన్ స్కేలు తీసుకోండి. 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 16.5. అదే షీటు మీద అదే 5.5 మీటర్ల ట్రాక్ ఎన్‌లో 880 మీటర్ల రైల్వే అవుతుంది, పొడవాటి రైలు వెనక కొండో ఊరో కూడా పడుతుంది. బల్ల కడుతుంటే హెచ్‌ఓ, లేదా బ్రిటిష్ మోడళ్లు ఇష్టమైతే అదే 16.5 ట్రాక్ మీద నడిచే ఓఓ. షంటింగ్ అంతా చేతులతో, కళ్లతో చేసే పని. ఎన్ కప్లర్ల మధ్య పుల్ల దించడం కుర్రవాళ్లకే కష్టం, నలభై దాటిన కళ్లకి మరీను. పైగా చిన్న ఇంజన్ బరువు తక్కువ, పట్టా మీద కాస్త మురికి ఉన్నా కరెంటు అందక ఆగిపోతుంది. పొట్టి రెండు ఇరుసుల వ్యాగన్లు వాడితే ఓఓలో ఇంగిల్‌నుక్ నాలుగైదు అడుగుల్లో పట్టేస్తుంది కాబట్టి చోటు కోసం ఎన్‌కి వెళ్లాల్సిన అవసరమే రాదు.

డీసీనా (పట్టాల్లో కరెంటు పెంచీ తగ్గించీ నడిపే పాత పద్ధతి) డీసీసీనా (ఒక్కో ఇంజన్‌కీ విడిగా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి) అన్నది ఇంకా చిన్న విషయం. ఒకే ఇంజన్‌తో షంటింగ్ అయితే మామూలు 12 వోల్టుల డీసీ చాలు, డబ్బు మంచి కంట్రోలర్ మీద పెట్టండి, నెమ్మదిగా బయల్దేరించేది చూసి కొనండి. రెండు ఇంజన్లు ఒకే ట్రాక్ మీద విడివిడిగా నడవాలన్నా, హారన్, ఇంజన్ శబ్దం కావాలన్నా అప్పుడు డీసీసీ. గుండ్రటి ట్రాక్ మీద రెండు రైళ్లు ఒకదాని వెనక ఒకటి నడపాలనుకునేవాళ్లకి దాని విలువ ఎక్కువ, బల్ల మీద అంత లేదు.

అసలు టెన్షన్ పెట్టేది వేరే ఉంది, పాయింట్లు. పాయింట్‌లో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటుని ఫ్రాగ్ అంటారు. కొన్నిటిలో అది ప్లాస్టిక్, అక్కడ కరెంటు ఉండదు. వేగంగా తిరిగే రైలుకి అది తెలియనే తెలియదు, ఊపులో దాటేస్తుంది. కానీ షంటింగ్‌లో నాలుగు చక్రాల చిన్న ఇంజన్ నడక వేగంతో దాని మీదికి వచ్చి సరిగ్గా అక్కడే నిలబడిపోతుంది, వేలితో నెట్టాలి. అలా సాయంత్రానికి పదిసార్లు నెట్టాల్సి వస్తే ఎంత ఇష్టమున్నవాళ్లకైనా విసుగు వస్తుంది. కాబట్టి బల్ల కట్టేవాళ్లు ఫ్రాగ్‌కి కూడా కరెంటు అందే పాయింట్లే తీసుకోవాలి, రెండంటే రెండే కదా, కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అలాగే జాయినర్ల మీద భరోసా పెట్టుకోకుండా ప్రతి ట్రాక్ ముక్కకీ కింద నుంచి విడిగా ఒక జత తీగలు సాల్డర్ చేయండి. ఇవి బ్యాలస్ట్, అంటే పట్టాల మధ్య పరిచే చిన్న కంకర, పోయకముందే చేయాలి, రాళ్లు జిగురుతో గట్టిపడ్డాక చేయడం నరకం.

బల్లకి ఒక లోటుంది, దాచను. రైలు పరిగెత్తడం కనిపించదు. ఆ వెలితి నాకూ ఉండేది. దానికి నేను చేసింది బల్ల ఒక చివర, గోడౌన్ బొమ్మ వెనక, రెండడుగుల విడి పలక తగిలించడం. అది మా లైను మిగతా ప్రపంచంతో కలిసే చోటు. అక్కడ చేత్తో రైలు సిద్ధం చేస్తాను, అది గోడౌన్ పక్కనుంచి యార్డులోకి వస్తుంది, వ్యాగన్లు సర్దాక కొత్త వరసతో వెళ్లిపోతుంది. ఆట అయ్యాక పలక తీసి మంచం కింద పెట్టేస్తాను. ఇది వచ్చాక చీటీలు కూడా మారాయి. ఒట్టి నంబర్లకి బదులు ఇప్పుడు ఒక్కో చీటీ మీద ఏ వ్యాగన్, ఏ సరుకు, ఏ సైడింగుకి అని ఉంటుంది. కలప దుంగలు రంపపు మిల్లుకి, ఖాళీ ట్యాంకరు నూనె మిల్లుకి, చదును వ్యాగన్ మరమ్మతుకి. రంపపు మిల్లు సైడింగులో చోటు లేకపోతే ఆ దుంగలు రేపటిదాకా పెద్ద సైడింగులో ఆగాలి, రేపు సాయంత్రం మొదటి పని అదే. రైలు ఎందుకు కదులుతోందో దానికే తెలిసినట్టు అనిపించేది ఇక్కడే, నా గుండ్రటి ట్రాక్ మీద రెండేళ్లలో అది ఒక్కసారీ అనిపించలేదు.

గది మొత్తం మీ చేతిలో ఉంటే ఈ గొడవే లేదు, గోడల చుట్టూ ట్రాక్ తిప్పి, ఒక గోడకి యార్డు పెట్టుకోండి, రెండూ దక్కుతాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు ఎన్‌లోనో హెచ్‌ఓలోనో గుండ్రటి ట్రాక్ నేల మీదే పరచండి, మేకులు కొట్టొద్దు. మిగతావాళ్లు, అంటే ఒక గోడ, ఐదడుగులు, రోజుకి అరగంట ఉన్నవాళ్లు, పలక కోయించకముందే ఒక పని చేయండి. ప్లాన్‌ని అసలు కొలతల్లో కాగితం మీద గీసి, బల్ల ఎత్తులో పరిచి, కొన్న ఇంజన్నీ మూడు వ్యాగన్లనీ షంటింగ్ నెక్ గీత మీద పెట్టి చూడండి. కప్లర్ల పొడవుతో సహా అవి అందులో పట్టి, పాయింట్ దాటడానికి ఒక వేలెడు చోటు మిగలాలి. మిగలకపోతే పలక ఇంకో మూడు అంగుళాలు పొడవు కోయించండి.